నాకు కమిషన్ వచ్చింది

"నాకు కమిషన్ వచ్చిందమ్మా" అని ఫోన్లో చెప్పగానే మా అమ్మ అడిగింది: "ఎంత?"

ఆవిడ తప్పేం లేదు. మా తెనాలిలో కమిషన్ అంటే నిమ్మకాయల యార్డులోనో, స్థలాల బేరాల్లోనో మధ్యవర్తికి ముట్టే సొమ్ము. రెండు శాతమా, మూడు శాతమా అన్నదొక్కటే తేలాలి. "డబ్బు కాదమ్మా, కాలిఫోర్నియా ప్రభుత్వం నన్ను నోటరీగా నియమించింది. ఆ నియామకాన్నే ఇక్కడ కమిషన్ అంటారు" అన్నాను. కాసేపు ఆగి, "నువ్వు లా ఎప్పుడు చదివావే?" అంది.

ఈ రెండో ప్రశ్న ఇక్కడున్న తెలుగువాళ్ళు కూడా నన్ను అడుగుతూనే ఉంటారు. మన దగ్గర నోటరీ అంటే లాయరే కాబట్టి అడగడంలో న్యాయముంది. 1952 నాటి నోటరీల చట్టం, 1956 నాటి నియమాల ప్రకారం భారతదేశంలో నోటరీ కావాలంటే సాధారణంగా కనీసం 10 ఏళ్ళు ప్రాక్టీసు చేసిన న్యాయవాది అయి ఉండాలి. మహిళలకి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకి 7 ఏళ్ళు చాలు. అందుకే మన కళ్ళకి నోటరీ అంటే నల్లకోటు, కోర్టు దగ్గర చెట్టు కింద బల్ల, స్టాంపు ప్యాడు. అమెరికాలో ఆ పదానికి అంత బరువు లేదు. పార్సిళ్ళు తూచే షాపులో కుర్రాడు నోటరీ కావచ్చు, బ్యాంకులో కౌంటర్ దగ్గరి అమ్మాయి కావచ్చు. బీకాం చదివి, పిల్లల్ని పెంచుకుంటూ ఇంట్లో ఉన్న నేనూ కావచ్చు.

అసలు నేను నోటరీ కావడానికి కారణం కోపం.

కొన్నేళ్ళ కిందట మా అత్తగారు మేముండే ఫ్రీమాంట్ వచ్చారు. ఊళ్ళో ఆవిడ పేరున ఉన్న అరెకరం వ్యవహారం చూసుకోవడానికి మా మరిదికి జీపీఏ, అంటే తన తరఫున పనులు చేసే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాసివ్వాల్సి వచ్చింది. డాక్యుమెంట్ రైటర్ డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపాడు. ప్రింటు తీసుకుని, అత్తగారికి మంచి చీర కట్టించి, ముగ్గురం దగ్గర్లో ఉన్న ఒక షాపుకి వెళ్ళాం. అక్కడి నోటరీ నడివయసావిడ. కాగితాలు తిప్పి చూసి, తలెత్తి అత్తగారి కళ్ళలోకి చూస్తూ ఇంగ్లీషులో ఏదో అడిగింది. అత్తగారు కొడుకు వైపు చూశారు. మా ఆయన "నీ ఇష్టంతోనే సంతకం పెడుతున్నావా అని అడుగుతోందమ్మా" అని తెలుగులో చెప్పబోయాడు. ఆవిడ కలం కింద పెట్టేసింది. "సారీ, నేను చేయలేను. ఈవిడ మాట్లాడే భాష వచ్చిన నోటరీ దగ్గరికి తీసుకెళ్ళండి" అంది.

కన్నకొడుకు పక్కనే నిలబడి మాట మాటా చెబుతుంటే ఈవిడకేం పోయింది? మన రంగు చూసి అలా చేసిందని కూడా అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ షాపుకి ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, నాలుగు వాక్యాల రివ్యూ రాసి పారేశాను. రాత్రి నిద్ర పట్టక, అసలు రూలేంటో తేల్చి ఇంకో నాలుగు వాక్యాలు రాద్దామని నోటరీలని నియమించే కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ వాళ్ళ నోటరీ హ్యాండ్‌బుక్ దింపుకున్నాను. అది ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. అందులో స్పష్టంగా ఉంది: నోటరీ సంతకం చేసే మనిషితో నేరుగా మాట్లాడగలగాలి. దుబాసీని వాడకూడదు, ముఖ్యమైన సంగతులు అనువాదంలో జారిపోవచ్చు. మాట్లాడలేకపోతే ఆ మనిషి భాష వచ్చిన నోటరీ దగ్గరికి పంపాలి. ఆ షాపావిడ మాతో అన్న మాట దాదాపు అదే.

తెల్లారి లేచి రివ్యూ తీసేశాను. తర్వాత శాన్ రామోన్‌లో తెలుగు వచ్చిన నోటరీ ఒకాయన ఉన్నాడని తెలిసి, అక్కడికి వెళ్ళి పని పూర్తి చేసుకున్నాం. ఆయన అత్తగారిని కూర్చోబెట్టి, మా ఆయన్ని కాస్త ఎడంగా ఉండమని, "అమ్మా, ఈ కాగితంతో మీరు ఎవరికి ఏం చేసే హక్కు ఇస్తున్నారో తెలుసు కదా?" అని అడిగాడు. అత్తగారు గడగడా చెప్పారు. సర్వే నంబరుతో సహా. ఆ అరెకరం గురించి ఆవిడకి అంత తెలుసని మా ఇద్దరికీ అంతవరకు తెలీదు. అన్నాళ్ళూ మేం ఆవిడ తరఫున మాట్లాడుతూ వచ్చాం, ఆవిడని మాట్లాడనిచ్చిందే లేదు.

నా వాదనంతా ఆ గదిలోనే పుట్టింది. దుబాసీ వద్దన్న నియమం మన పెద్దవాళ్ళకి రక్షణ. ఎవరి నుంచి అంటే, ముందుగా మన నుంచే. పక్కన నిలబడి అనువాదం చేసేది సాధారణంగా ఆ ఆస్తితో సంబంధం ఉన్న కొడుకో, కూతురో, అల్లుడో. అందరూ మోసగాళ్ళని నేననడం లేదు. నూటికి తొంభైతొమ్మిది మంది మంచివాళ్ళే అనుకుందాం. కాని నోటరీ అనే ఏర్పాటు ఉన్నదే ఆ మిగిలిన ఒక్కరి కోసం. అయితే ఆ రక్షణ కాగితం మీద ఉంటే చాలదు, పెద్దావిడ భాష వచ్చిన నోటరీ చుట్టుపక్కల ఉండాలి. ఇన్ని వేల తెలుగు కుటుంబాలు ఉన్న బే ఏరియాలో ఆ ఒక్క సంతకానికి మేం వేరే ఊరు పోవాల్సి వచ్చింది. గుడులు కట్టుకున్నాం, బడులు పెట్టుకున్నాం, బతుకమ్మలూ ఉగాదులూ చేసుకుంటున్నాం. భాషని బతికించుకోవాలని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళలో ఒక్కరైనా నోటరీ పరీక్ష రాస్తే, భాషకి అంతకంటే పనికొచ్చే ఉద్యోగం దొరకదని నా నమ్మకం.

ఇక ఎలా అవ్వాలి అన్నది. నేను చెప్పేది కాలిఫోర్నియా సంగతి, రాష్ట్రానికో పద్ధతి ఉంటుంది. 18 ఏళ్ళు నిండాలి, ఈ రాష్ట్రంలో చట్టబద్ధంగా నివసిస్తూ ఉండాలి, 6 గంటల కోర్సు చేయాలి, పరీక్ష పాసవ్వాలి, వేలిముద్రలిచ్చి నేరచరిత్ర లేదని తేల్చుకోవాలి. డిగ్రీ అక్కర్లేదు. పౌరసత్వమూ అక్కర్లేదు.

పౌరసత్వం అక్కర్లేదన్న మాట వెనక ఒక మనిషి ఉన్నాడు. బెర్నాల్ అని, మెక్సికోలో పుట్టి 1961 నుంచి శాశ్వత నివాసిగా అమెరికాలో ఉన్నవాడు. టెక్సస్‌లో వలస వ్యవసాయ కూలీలకి న్యాయసహాయం చేసే సంస్థలో పారాలీగల్, అంటే లాయర్లకి సహాయకుడు. ఆ కూలీల చేత ప్రమాణం చేయించి వాంగ్మూలాలు తీసుకోవడానికి నోటరీ అయితే బాగుంటుందని 1978లో దరఖాస్తు పెట్టాడు. పౌరుడివి కావు పొమ్మంది టెక్సస్. ఆయన వదల్లేదు. 1984లో సుప్రీంకోర్టు ఎనిమిదిమంది ఒకవైపు, ఒక్కరు ఇంకోవైపుగా ఆయన పక్షాన తీర్పిచ్చింది. తీర్పు రాసింది జస్టిస్ థర్‌గుడ్ మార్షల్. నోటరీ పని ముఖ్యమైనదే అయినా ప్రధానంగా గుమాస్తా తరహా పని, రాజ్యాన్ని నడిపే అధికారం కాదు, అందుకని పౌరసత్వం లేదన్న కారణంతో ఆపడం కుదరదు అన్నది దాని సారం. గ్రీన్ కార్డు మీద ఉన్న నేను కుడిచెయ్యెత్తి ప్రమాణం చేయగలిగానంటే, నేనెన్నడూ చూడని ఆ బెర్నాల్ గారి మొండితనం అందులో ఉంది.

వీసా మీద ఉన్నవాళ్ళకి మాత్రం ఒక మాట. కమిషన్ ఇచ్చేది రాష్ట్రం, పనిచేసి డబ్బు తీసుకోవచ్చా లేదా చెప్పేది కేంద్ర వలస చట్టం. హెచ్1బీ మీద కంపెనీలో పనిచేస్తూ, సాయంత్రాలు నోటరీ ఫీజులు తీసుకుంటానంటే చిక్కుల్లో పడతారు. ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి. నన్నడక్కండి. ఎందుకడక్కూడదో కింద చెబుతాను.

కోర్సు నేను ఆన్‌లైన్లోనే, పిల్లలు బడికెళ్ళిన వేళల్లో రెండు రోజులు చేశాను. పరీక్షకి రెండంగుళాల ఫోటో, గుర్తింపు కార్డు, కోర్సు సర్టిఫికెట్, దరఖాస్తు, 40 డాలర్ల ఫీజు పట్టుకుని వెళ్ళాలి. గంటసేపు, నాలుగింట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు, పుస్తకం తెరవకూడదు, 70 మార్కులు రావాలి. నేను చదివిన దాంట్లో సగం గడువులూ జరిమానాలే. మనిషిని సరిగ్గా గుర్తించకుండా సంతకం ధ్రువీకరిస్తే 10,000 డాలర్ల దాకా. తీసుకోవాల్సిన చోట వేలిముద్ర తీసుకోకపోతే 2,500 దాకా. ఇల్లు మారితే 30 రోజుల్లో సర్టిఫైడ్ మెయిల్లో తెలపాలి. చిన్నప్పుడు బట్టీ చదువుల్ని ఎంత తిట్టుకున్నానో, ఆ రోజు అదే నన్ను గట్టెక్కించింది.

పాసయ్యాక లైవ్‌స్కాన్. అంటే యంత్రం మీద పది వేళ్ళూ పెట్టి ముద్రలివ్వడం. అవి రాష్ట్ర న్యాయశాఖకీ ఎఫ్‌బీఐకీ వెళతాయి. తర్వాత కొన్ని వారాల ఎదురుచూపు. చివరికి పోస్టులో కమిషన్ కాగితాలు వస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కాగితం వచ్చింది కదా, నోటరీ అయిపోయాను అనుకుంటారు. కాదు. కమిషన్ మొదలైన తేదీ నుంచి 30 రోజుల్లోపు కౌంటీ (మన జిల్లాలాంటిది) క్లర్క్ దగ్గర ప్రమాణం చేసి, 15,000 డాలర్ల బాండు దాఖలు చేయాలి. 31వ రోజు వెళితే ఆ కమిషన్ చెల్లదు. బతిమాలినా పొడిగించరు.

బాండు గురించి ఇంకో అపోహ ఉంది. అది నాకు ఇన్సూరెన్సు అనుకుంటారు. నా తప్పు వల్ల ఎవరికైనా నష్టం జరిగితే బాండు కంపెనీ వాళ్ళకి చెల్లించి, ఆ డబ్బు తిరిగి నా దగ్గర వసూలు చేసుకుంటుంది. అది జనాన్ని కాపాడేది, నన్ను కాదు. నన్ను కాపాడే పాలసీ వేరే ఉంది, అది ఎవరికి వాళ్ళు కొనుక్కోవాలి. నేను కొన్నాను. టెన్షన్ పడే మనస్తత్వం నాది.

ప్రమాణానికి ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి ఓక్లాండ్‌లో లేక్ మెరిట్ స్టేషన్లో దిగి నడిచాను. అలమీడా కౌంటీ క్లర్క్ ఆఫీసు దగ్గరే. నాలాగే ప్రమాణం చేయడానికి వచ్చినవాళ్ళు మరో ముగ్గురున్నారు. అమెరికా రాజ్యాంగాన్నీ, కాలిఫోర్నియా రాజ్యాంగాన్నీ కాపాడతానని చెయ్యెత్తి చెప్పాను. హ్యాండ్‌బ్యాగులో భారత పాస్‌పోర్టు ఉంది. బయటికొచ్చి లేక్ మెరిట్ ఒడ్డున కూర్చుని పులిహోర తిని ఇంటికొచ్చాను. సీలు అంతకుముందే ఆర్డర్ ఇచ్చాను. ఎవరు పడితే వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ సీలు చేయించుకోవడానికి ఉండదు, కమిషన్‌తో పాటు ప్రభుత్వం పంపే అనుమతి పత్రం చూపిస్తేనే ఆమోదం ఉన్న తయారీదారు చేసిస్తాడు.

ఇంతా చేస్తే ఎంత వస్తుంది? అమ్మ అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు: ఒక్కో సంతకానికి గరిష్ఠంగా 15 డాలర్లు. 2017కి ముందు అది 10 డాలర్లే. ప్రయాణానికి వేరే తీసుకోవచ్చు, ముందుగా మాట్లాడుకుని. ఇంటి లోన్ల సంతకాలు చేయిస్తే నెలకి వేలు సంపాదించవచ్చని యూట్యూబులో ఊదరగొట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ అసలు సంపాదన ఆ కోర్సులు అమ్మడంలో ఉందని నా అనుమానం. వడ్డీరేట్లు పెరిగితే రీఫైనాన్సులు ఆగిపోతాయి, ఆ బేరాలూ ఆగిపోతాయి. డబ్బు కోసమైతే వేరే పని చూసుకోండి. నేను నెలంతా కలిపి తీసుకునే ఫీజు మా ఇంటి కూరగాయలకి సరిపోతే గొప్ప.

పని మొదలుపెట్టాక తెలిసింది, చట్టం కంటే మనవాళ్ళ మొహమాటం కష్టమైనదని. "అక్కా, నన్ను తెలీదా నీకు?" ఇది నేను ఎక్కువగా వినే మాట. ప్రతి శుక్రవారం గుడిలో కలిసే తమ్ముడిని ఐడీ కార్డు చూపించమంటే ముఖం చిన్నబుచ్చుకుంటాడు. ఏం చేయను? కాలిఫోర్నియాలో 2008 నుంచి స్వయంగా తెలుసు అన్న మాట చెల్లదు. సొంత అన్నదమ్ముడైనా చట్టం ఒప్పుకునే గుర్తింపు కాగితం చూపించాలి, లేదా నమ్మదగిన సాక్షులు ప్రమాణం చేసి చెప్పాలి.

ఇక పేర్లు. దస్తావేజులో "కె. వెంకట సుబ్బమ్మ" అని ఉంటుంది. ఇక్కడి కార్డులో ఇంటిపేరు మొత్తం విడదీసి, సుబ్బమ్మని ఎక్కడో చివర్లో కుక్కి, మధ్యలో వెంకటని మింగేసి ఉంటుంది. "ఆ సుబ్బమ్మే ఈ సుబ్బమ్మ" అని నేను నమ్మితే చాలదు, కార్డు చెప్పాలి. కార్డులో ఉన్నదానికంటే పొడుగైన పేరుకి నేను ధ్రువీకరణ ఇవ్వను. జీపీఏ డ్రాఫ్టు చేయించేటప్పుడే కార్డు చూసి పేరు రాయించండని ఎందరికి చెప్పానో.

"ట్రూ కాపీ అని ఒక సంతకం పడేయండి మేడమ్" అన్నది ఇంకోటి. గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో జిరాక్సు కాపీల మీద సంతకాలు పెట్టే దేశం నుంచి వచ్చాం కదా, అది పోదు. కాలిఫోర్నియా నోటరీ కాపీని ధ్రువీకరించగలిగేది పవర్ ఆఫ్ అటార్నీకీ, అడిగినప్పుడు తన జర్నల్లోని (చేసిన ప్రతి పనినీ రాసుకునే పుస్తకంలోని) పద్దుకీ మాత్రమే. పాస్‌పోర్టు కాపీకి కాదు, డిగ్రీ పట్టాకి కాదు. అది నిజమైన కాపీయేనని మీరే రాసి, నా ముందు ప్రమాణం చేసి సంతకం పెడితే, ఆ ప్రమాణానికి నేను జురాట్, అంటే నా ముందే ప్రమాణం చేశారన్న ధ్రువీకరణ, వేస్తాను. తేడా ఏంటంటే, మాట మీది, మీరు అన్నారన్న సాక్ష్యం నాది.

అన్నిటికంటే ముచ్చటైనది వేలిముద్ర. పవర్ ఆఫ్ అటార్నీ అయినా, స్థిరాస్తి కాగితాలైనా నా జర్నల్లో సంతకం చేసినవాళ్ళ కుడి బొటనవేలి ముద్ర తప్పనిసరి. పెద్ద కంపెనీలో డైరెక్టరుగా ఉన్న ఒకాయన ఇంకు ప్యాడు చూసి, "వేలిముద్రా? నేనా?" అన్నాడు. మన భాషలో వేలిముద్రగాడు అంటే తిట్టు. చదువురానివాడని, మోసపోయేవాడని, ఎవడో చూపించిన చోట ముద్రేసే అమాయకుడని. ఆయన బాధ నాకర్థమైంది. ఇక్కడ మాత్రం దొంగ సంతకం ఎవరైనా పెట్టగలరు, దొంగ బొటనవేలు తెచ్చుకోలేరు కాబట్టి దానికంత విలువ. నిజంగానే సంతకం రానివాళ్ళు గుర్తు పెట్టినా చెల్లుతుంది. అయితే ఇద్దరు సాక్షులుండాలి, వాళ్ళలో ఒకరు ఆ గుర్తు పక్కన పేరు రాయాలి. మన రిజిస్ట్రార్ ఆఫీసుల్లో నిశానీదారులకి జరిగేదానికి ఇది మరీ దూరమేం కాదు.

పోయిన వారం తేదీ వేయమని, అన్నయ్య రాలేదు గాని సంతకం చేసి పంపాడు చూడండని, రెండో పేజీ తర్వాత నింపుకుంటామని అడిగినవాళ్ళ సంగతి వదిలేస్తున్నాను. అన్నిటికీ ఒకటే జవాబు.

ఇప్పుడు నన్ను బాగా కుదిపిన ఒక సందర్భం. మనుషులు గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతాను. ఒక నవంబరులో ఒకతను వాళ్ళమ్మని తీసుకొచ్చాడు. ఫోల్డర్లో రెండు కాగితాలు. ఒకటి పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్, ఇంకోటి ఊళ్ళో ఇంటి స్థలం తాలూకు జీపీఏ. అతన్ని హాల్లో కూర్చోమని ఆవిడతో మాట్లాడాను. మొదటి కాగితం దగ్గర "ఇందులో రాసింది నిజమని ప్రమాణం చేసి చెబుతారా పిన్నిగారూ?" అంటే, ఆవిడ నవ్వి, "బతికున్నానని కూడా ఒట్టేయాలా తల్లీ?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. రెండోది ముందు పెట్టి, "మరి ఇది దేనికో చెప్పగలరా?" అన్నాను. "అదీ అదేగా. రెండు కాపీలు కావాలన్నాడు మావాడు."

నేను మొదటిదానికి సీలు వేసి, రెండోది వెనక్కి ఇచ్చేశాను. అతనికి కోపం వచ్చింది. ఇంట్లో అంతా వివరంగా చెప్పానని, అమ్మ మర్చిపోయి ఉంటుందని అన్నాడు. అయ్యుండొచ్చు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. "మీరు నోటరీనా, జడ్జీనా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు, ఎందుకంటే అందులో పస ఉంది. నేను జడ్జిని కాదు. 2015 నుంచి కాలిఫోర్నియాలో ప్రతి నోటరీ సర్టిఫికెట్ పైన గడి కట్టి ఒక మాట అచ్చేయాలి: ఈ నోటరీ సరిచూసింది సంతకం చేసిన మనిషి ఎవరన్నది మాత్రమే, పత్రంలోని నిజానిజాలు గాని చెల్లుబాటు గాని కాదు అని. కాగితం మంచిదా చెడ్డదా, ఆ స్థలం ఎవరికి పోవడం న్యాయం అని నేను అడగకూడదు, అడగలేదు కూడా. కాని అక్నాలెడ్జ్‌మెంట్ అంటే ఏంటి? ఫలానా కాగితం మీద సంతకం నాదే అని ఆవిడ నా ముందు ఒప్పుకోవడం. ఆవిడ ఒప్పుకుంటున్నది లైఫ్ సర్టిఫికెట్‌ని, కాగితం మాత్రం జీపీఏ. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన నోటరీ ముందు కొడుకు "యస్, షీ అండర్‌స్టాండ్స్" అని ఉంటే ఆ సీలు పడిపోయేది. దుబాసీ వద్దన్న నియమం ఎవరినీ అవమానించడానికి పెట్టింది కాదని ఆ రోజు నాకు రుజువైంది.

ఆ సీలు పడితే ఎంత దూరం పోతుందో కూడా తెలియాలి. నా సంతకం నిజమైనదేనని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు 20 డాలర్లు తీసుకుని అపోస్టిల్ ఇస్తుంది. శాక్రమెంటోకి పోస్టులో పంపొచ్చు. స్వయంగా వెళితే ఇంకో 6 డాలర్లు. అపోస్టిల్‌ని ఒకరికొకరు గుర్తించే దేశాల ఒప్పందం భారతదేశంలో 2005 నుంచి అమల్లో ఉంది కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. మన 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్, విదేశంలో ఉన్న మనిషి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే దాన్ని ధ్రువీకరించగలవాళ్ళలో నోటరీని మొదటగా చెబుతుంది, భారత కాన్సుల్ తర్వాత వస్తాడు. కాగితం ఊరు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకుంటే చాలు, ఇక దాంతో సబ్ రిజిస్ట్రార్ ముందు నిలబడొచ్చు. ఫ్రీమాంట్‌లో వంటింటి బల్ల మీద నేను వేసిన ముద్ర ఆధారంగా గుంటూరు జిల్లాలో ఒక స్థలం చేతులు మారుతుంది. అక్కడి సబ్ రిజిస్ట్రారు ఆ పెద్దావిడని చూడడు. ఆవిడ్ని చూసిన ఆఖరి మనిషిని నేనే.

"ఆన్‌లైన్లో అయిపోతుందిగా, ఇంకా ఈ ఇంకు ప్యాడులేంటి" అనేవాళ్ళున్నారు. టెక్సస్‌లాంటి కొన్ని రాష్ట్రాల్లో వీడియోలో నోటరీ చేస్తున్నారు. కాలిఫోర్నియా 2023లో చట్టమైతే చేసింది గాని, ఏర్పాట్లకి 2030 జనవరి దాకా గడువు పెట్టుకుంది. నాకేం తొందర లేదు. స్క్రీన్ వెనక గదిలో ఎవరున్నారో, పెద్దావిడ ఎవరి వైపు చూసి తలూపుతోందో కెమెరా చెప్పదు.

మన భాష వచ్చిన నోటరీ అయితే చాలు, అంతా బాగుంటుందని కూడా అనను. భాష వచ్చినవాడే ఎక్కువ మోసం చేయగలడు. అమెరికాలో స్పానిష్ మాట్లాడేవాళ్ళకి ఇది బాగా తెలుసు. వాళ్ళ దేశాల్లో నోటారియో అంటే మన దగ్గరలాగే లా చదివిన పెద్ద హోదా. ఇక్కడ ఆ పేరు పెట్టుకుని వలస కేసులు చేయిస్తామని డబ్బు గుంజినవాళ్ళు ఎందరో. అందుకే కాలిఫోర్నియాలో నోటరీ "నోటారియో పబ్లికో" అని ప్రకటించుకోవడం నేరుగా నిషేధం. ఇంగ్లీషు కాక వేరే ఏ భాషలో ప్రకటన వేసినా, నేను లాయర్ని కాను, వలస విషయాల్లో గాని ఇంకే చట్టవిషయంలో గాని సలహా ఇవ్వలేను అన్న నోటీసు, ఫీజులతో సహా, ఇంగ్లీషులోనూ ఆ భాషలోనూ పెట్టాలి. ఇండియన్ స్టోర్ గోడ మీద నేను అంటించిన కాగితం కింద ఆ తెలుగు వాక్యం ఉంటుంది. పైన నన్ను వీసా సలహా అడగొద్దన్నది అందుకే. అయినా అడుగుతారు. ఫలానా ఫారంలో ఏ గడి నింపాలి, జీపీఏ మంచిదా గిఫ్ట్ డీడ్ మంచిదా అని. చెప్పాలని నాలుక పీకుతుంది. తెలిసినదాన్ని చెప్పకుండా ఉండటం ఈ పనిలో అసలు పరీక్ష. అది ఆ 70 మార్కుల్లో లేదు.

మా గుడిలో పరిచయమైన ఒకమ్మాయి వచ్చే నెల పరీక్ష రాస్తోంది. తనది నిజామాబాదు. నా తెనాలి యాస అర్థం కాని పెద్దవాళ్ళు తన దగ్గరికి వెళతారు, తను ఊళ్ళో లేనప్పుడు నా దగ్గరికి వస్తారు. ఫోటో రెండంగుళాలదే తీయించుకోమని రెండుసార్లు చెప్పాను.

ఆ తల్లీకొడుకులు మళ్ళీ వచ్చారు, ఆరు వారాల తర్వాత. ఈసారి అతను నేను చెప్పకముందే హాల్లో కూర్చున్నాడు. నేను కాగితం ముందు పెట్టి నోరు తెరవకముందే ఆవిడ మొదలుపెట్టారు. స్థలం ఎన్ని సెంట్లు, తూర్పున ఎవరి గోడ, ఎవరికి రాస్తున్నారు, దాంట్లో సగం డబ్బు చిన్నకూతురికి పంపాలని కొడుకు చేత ఎలా ఒట్టు వేయించుకున్నారు. చివరి సంగతి నేను వినకూడనిది, విన్నాను. జర్నల్లో సంతకం పెట్టి, బొటనవేలు అద్ది, ఆ వేలిని చీర చెంగుకి తుడవబోతే టిష్యూ ఇచ్చాను. అతను లోపలికొచ్చి 15 డాలర్లు బల్ల మీద పెట్టి, కాస్త ముక్తసరిగా, రసీదు ఇస్తారా అని అడిగాడు. రాసిచ్చాను.